అందఱు కూర్చున్న పంక్తి

అతిథిని దేవునిగా భావింపవలెనని మన పెద్దలు చెప్పిరి. ఈ మాటను మనము చిన్ననాటినుండియు వినుచున్నాము; మన పిల్లలకును చెప్పుచున్నాము. కాని, ఆ దేవునికి వండి వడ్డించి, ఆయన చేయి కడిగికొని లేచిన పిమ్మట చల్లారిన మెతుకులు తినువారెవ్వరని మాత్రము మనము ప్రశ్నించుకొనము. మేమును ప్రశ్నించుకొనలేదు. స్త్రీవిద్యను గూర్చియు, స్త్రీల యాస్తిహక్కును గూర్చియు సభలలో గంటలకొలది మాటలాడినవారమయ్యు, ఈ చిన్న ప్రశ్న మాకు తోచుటకు ఏబది యేండ్లు దాటవలసివచ్చెను. అదియు మాకై మాకు తోచినది కాదు. ఫ్రాన్సుదేశపు పల్లెలో ఎనిమిదేండ్ల బాలుడు తోపించినది.

ఉద్యోగనిమిత్తము మేమును మా గృహిణియు రెండేండ్లు పారిసు నగరమున నుంటిమి. అక్కడ మాతో పనిచేయు మిత్రుడు 2023 జూన్ నెలలో శని యాదివారములు తన పల్లెయింట గడపుటకు మమ్ము పిలిచెను. ఆ యిల్లు బుర్గోన్ ప్రాంతమున వెజలే కొండకు సమీపమున నున్నది. శుక్రవారము సాయంకాలము పారిసులోని బెర్సీ స్టేషనులో బండి యెక్కి, రెండు గంటలకు పైగా ప్రయాణము చేసి, సెర్మిజెల్ అను చిన్న స్టేషనులో దిగితిమి. మిత్రుడు కారుతో కాచుకొనియుండెను. దారి కిరువైపుల గోధుమచేలు పసుపువన్నెకు తిరుగుచుండెను. పచ్చికబయళ్లలో తెల్లని యావులు మేయుచుండెను. రాత్రి తొమ్మిదిన్నర యగుచున్నను ప్రొద్దు క్రుంకలేదు. జూన్ నెలలో ఆ దేశపు పగళ్లు అంత దీర్ఘములు.

ఇల్లు పూర్వమొక రైతు కుటుంబమువారిది. దళసరి రాతిగోడలు, పెద్ద పొయ్యిగూడు, పెరటిలో నొక లిండెన్ చెట్టు. మిత్రుడు, ఆయన భార్య, వారి కుమారుడు, ఎనుబదియైదేండ్ల తల్లి, స్నేహితులగు రెండు జంటలు, మేమిద్దఱము, మొత్తము పదిమందిమి.

శనివారము ఉదయము అందఱము కలిసి దగ్గఱి పట్టణపు సంతకు పోయితిమి. ఆ జిల్లా చెర్రీపండ్లకు ప్రసిద్ధి. పెద్దావిడ ఒక్కొక్క గంపయొద్ద నిలిచి, పండు రుచి చూచి, తల యూపి, మఱియొక గంపకు సాగుచు, మన వంకాయల బేరమును జ్ఞప్తికి తెచ్చెను. మేకపాల జున్నుబిళ్లలు కొన్నారము. ఎపువాస్ అను నా ప్రాంతపు జున్నును గూడ కొన్నారము. దానిని ద్రాక్షసారాయితో కడుగుచు పండింతురు. దాని వాసన మనిషికంటె ముందుగా గది ప్రవేశించును.

మధ్యాహ్నమునుండి వంట మొదలయ్యెను. మేము పెరటిలో కుర్చీ వేసికొని పత్రిక చదువుచు, వంటయింటి వైపు చూచి యాశ్చర్యపడితిమి. న్యాయవాదియైన యొకాయన బంగాళాదుంపల తొక్కు తీయుచుండెను. మిత్రుడు జున్ను కలిపిన పిండితో చిన్న చిన్న ఉండలు చేసి పొయ్యిలో పెట్టుచుండెను. గుజేర్ అను నా పొంగిన యుండలు బుర్గోన్ వారికి మన గారెలవంటివి. మా గృహిణి పారిసునుండి చింతపండు, ఆవాలు మూటగట్టి తెచ్చి పులిహోరకు పూనుకొనగా, ఇద్దఱు మగవా రామె యాజ్ఞకు నిలువబడిరి. ఒకడు అన్నము ఆరబోసెను. ఒకడు పోపు చిటపటలకు వెనుకకు గంతువేసెను. మేము నవ్వి, పత్రిక పుట త్రిప్పితిమి.

రాత్రి యెనిమిదింటికి లిండెన్ చెట్టుక్రింద బల్ల వేసిరి. బాలుడు పళ్లెములు పెట్టెను. అక్కడ రొట్టెను పళ్లెములో గాక దాని ప్రక్కను గుడ్డమీదనే యుంతురు. వంటకములన్నియు ఒక్కమాఱు రావు. ఒకటి ముగిసిన పిదప మఱియొకటి, చివరకు జున్ను, ఆ పిమ్మట తీపి. కావున భోజనము నాలుగు గంటలు సాగును. రాజకీయములలో ఇద్దఱు మిత్రులు గట్టిగా వాదులాడుకొనిరి. వాదులాడుచునే యొకరికొకరు కూరలందించుకొనిరి. పులిహోర గిన్నె మూడుమాఱులు బల్ల చుట్టివచ్చి ఖాళీ యయ్యెను.

మొదటి వంటకము ముగియగానే అందఱును తమతమ పళ్లెములు తీసికొని లేచిరి. పెద్దావిడకు మాత్రము ఆ పని లేదు. మేము కదలలేదు. కదలవలెనను నూహయే మాకు పుట్టలేదు. బాలుడు మా ప్రక్కకు వచ్చి, కొంతసేపు చూచి, జాలిగా, “మీకు కాలు నొప్పిగా నున్నదా?” యని యడిగెను. “లేదు నాయనా” యంటిమి. “మఱి లేవరేమి?” యనెను.

వాని తల్లి ముఖము ఎఱ్ఱబడెను. పెద్దావిడ పకాలున నవ్వెను. మేము లేచి పళ్లెము పట్టుకొని వంటయింటికి పోయితిమి గాని, దాని నెక్కడ పెట్టవలెనో తెలియలేదు. ముందుగుడ్డ కట్టుకొని తొట్టియొద్ద నున్న న్యాయవాది చోటు చూపెను.

మా సిగ్గును కప్పిపుచ్చుకొనుటకు, తిరిగివచ్చి పెద్దావిడతో, “మీ దేశమున ఇది యనాదిగా వచ్చు మర్యాద కాబోలు” నంటిమి. ఆమె చెప్పిన మాటలు మాకు వచ్చినంత ఫ్రెంచిలో గ్రహించి వ్రాయుచున్నాము. “అనాదియా! నేను 1960లో ఈ యింటికి కోడలినై వచ్చితిని. కోతల దినములలో మగవారందఱు బల్లచుట్టు కూర్చుండెడివారు. మా యత్తగారు నిలిచి వడ్డించి, అందఱు పోయిన తరువాత పొయ్యియొద్ద గిన్నె యొడిలో పెట్టుకొని తినెడిది. మా అమ్మ ఓటు వేయుట 1945లో మొదటిసారి; నాకప్పటికి ఏడేండ్లు. పెండ్లియైన స్త్రీ భర్త సమ్మతితో నిమిత్తము లేక తన పేర బ్యాంకుఖాతా తెఱచుటకు, ఉద్యోగము చేయుటకు హక్కు వచ్చినది 1965లో. అప్పటికి నాకిద్దఱు బిడ్డలు. మేము పోరి మార్చుకొన్నదానిని మీరు అనాది యనుచున్నారు!”

మిత్రుని భార్య యందుకొని, “పూర్తిగ మారినదనియు నమ్మకుడు. సెలవునాడు అందఱును వంటగాండ్రే; పనిదినములలో ఈ దేశమునను ఇంటిచాకిరిలో ఎక్కువపాలు ఆడువారిదే” యనెను. ఆమె భర్త మాఱు పలుకలేదు.

మద్రాసు రాజధానిలో 1921లోనే స్త్రీలకు, ఆస్తి మొదలగు నియమములకు లోబడియైనను, పురుషులతో సమముగ ఓటుహక్కు వచ్చినదని మేము చెప్పగా వారందఱు విస్మయపడిరి. ఒక్క క్షణము మాకు గర్వము కలిగెను. ఫ్రెంచి స్త్రీలకంటె ఇరువది యేండ్లకు పైగా ముందు! కాని వెంటనే మఱియొక తలంపు వచ్చెను: ఓటుపెట్టెయొద్ద ముందు నిలిచిన ఆ తల్లులు, ఇంటికి వచ్చి పంక్తిలో ఎక్కడ కూర్చుండిరి?

ఆ రాత్రి గదిలో మా గృహిణి దీపమార్పుచు, “ఏమండీ, ఒక మాట. పెండ్లియై ఇరువదినాలుగేండ్లైనది. నలుగురు వచ్చిన నాడు మీ ప్రక్కన కూర్చుండి వేడిగా తినుట నాకిదే మొదటిసారి” యనెను. ఆమె గొంతులో నిష్ఠూరము లేదు. ఉన్నచో మాకు సమాధానము దొరకియుండును. మాకు నిద్ర పట్టలేదు. మా తల్లి జ్ఞప్తికి వచ్చెను. ఆమె చేతి వంటను పొగడని బంధువు లేడు. ఆమె కేది యిష్టమో మాకు తెలియదు. ఆమె వేడి అన్నము తినుచుండగా చూచిన జ్ఞాపకము మాకొక్కటియు లేదు. ఆమె పోయి పదునొకండేండ్లైనది.

ఆదివారము వెజలే కొండ యెక్కితిమి. కొండకొనను పండ్రెండవ శతాబ్దమునాటి సెయింట్ మేరీ మాగ్దలీన్ దేవాలయమున్నది. 1979లో ఐక్యరాజ్యసమితివారి ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. ఉత్తరాయణాంతమున, ఎండ నడినెత్తికి వచ్చు వేళ, పై కిటికీల వెలుగు నేలమీద నడుమభాగమున వరుసగా మడుగులు కట్టును. గడియారములో రెండు గంటలు కావచ్చుచుండగా మేమును చూచితిమి. ఆ వీథిలోనే రోమా రోలా 1938నుండి నివసించిన యిల్లున్నది. 1944 డిసెంబరు 30న ఆయన అక్కడనే కన్నుమూసెను. ఇప్పుడది చిత్రశాల. 1924లో గాంధీమహాత్ముని గూర్చియు, తరువాత రామకృష్ణ వివేకానందులను గూర్చియు గ్రంథములు వ్రాసిన యా మహనీయుని వాకిట నిలిచి నమస్కరింపబోయి, మేము తడబడితిమి. గాంధీజీ ఆశ్రమములో వంట, పాత్రలు తోముట, పాయఖానాలు శుభ్రపఱచుట అందఱి పనులని ఇరువదియవ యేటనే చదివి మెచ్చుకొన్నారము. మెచ్చుకొని, కంచము వదలి లేచిపోయినారము.

మఱుసటి యేట రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చితిమి. మొదటి విందునాడు గిన్నెలన్నియు బల్లమీదనే యుంచి, అందఱము ఒక్కసారిగా కూర్చుంటిమి. మా గృహిణి అలవాటు చొప్పున ఏడుమాఱులు లేచెను. మేము ఎంగిలి కంచములెత్తుచుండగా మేనత్తగారు చూచి, “ఏమిరా, అంత దూరము పోయి నేర్చినది ఇదియా?” యనిరి. ఔనంటిమి. చారుగిన్నె మా చేతిలో జాఱి, ఆవిడ మాటకు బలము చేకూర్చెను.

ఇట్లు కొన్ని నెలలు గడచినవి. అందఱి తరువాత గాని యెన్నడును తినని మేనత్తగారు, గడచిన సంక్రాంతినాడు, ఎవ్వరును పిలువకయే వచ్చి మా ప్రక్క పీట వాల్చుకొనిరి. పప్పు కలిపికొని, రెండు ముద్దలు తిని, “ఇంకను వేడిగానే యున్నదే” యనిరి. మఱేమియు ననలేదు.

సోదరులారా, దీనికి శాసనసభలో బిల్లు అక్కఱలేదు. సంఘము పెట్టి తీర్మానము చేయనక్కఱలేదు. ఎల్లుండి మీ యింటికి చుట్టములు వత్తురు. గిన్నెలన్నియు నడుమ పెట్టుడు. వండిన యామె కూర్చుండువఱకు మొదటి ముద్ద యెత్తకుడు. లేచునప్పుడు మీ కంచము మీరు తీయుడు. మా తల్లికి మేమిది చేయలేకపోతిమి. మీ తల్లి యింకను వంటయింటిలో నున్నచో, మీకు వేళ మించలేదు.