పుబ్బ పక్కన మూడు గెలాక్సీలు

పుబ్బ కార్తె అనగానే తెలుగు రైతుకు వాన గుర్తొస్తుంది. ఆగస్టు చివర సూర్యుడు పుబ్బ నక్షత్రంలోకి వస్తాడు గనక అప్పుడు ఆ చుక్కలు కనిపించవు. మార్చికల్లా అవే చుక్కలు దాదాపు రాత్రంతా ఆకాశంలో ఉంటాయి. ఆస్టిన్ శివార్లలో ఉంటున్న తెలుగు ఇంజనీరు ఒకాయన పెరట్లో టెలిస్కోపు బిగించేది అప్పుడే.

"పుబ్బ అంటే మన కార్తె పుబ్బేనా నాన్నా?" అని ఫోన్లో తల్లి అడిగింది. "అదేనమ్మా, దాని పక్కనే."

పక్కన ఉన్నది లియో ట్రిప్లెట్: సుమారు 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో మూడు గెలాక్సీలు. ఎం65, ఎం66లను 1780లో చార్లెస్ మెస్సియే జాబితాకెక్కించాడు. మసకగా ఉన్న మూడోది, ఎన్‌జీసీ 3628, ఆయనకు చిక్కలేదు. 1784లో విలియం హెర్షెల్ పట్టుకున్నాడు. అసలు కథంతా ఆ మూడోదానిదే. దాని తూర్పు కొస నుంచి సుమారు 3 లక్షల కాంతి సంవత్సరాల పొడవున ఒక తోక సాగింది. దాదాపు 80 కోట్ల ఏళ్ల కిందట ఎం66 దగ్గరగా వచ్చి వెళ్లినప్పుడు చెదిరిన నక్షత్రాలు, వాయువులే ఆ తోక అని శాస్త్రవేత్తల లెక్క. ఇలాంటి తోకలు గురుత్వం లాగినవేనని టూమ్రే సోదరులు 1972లోనే కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

ఆ ఇంజనీరు ఫొటో తీసేది ఆ తోకనే. అది ఊరి దీపాల వెలుగు కన్నా ఎన్నో రెట్లు మసక. ఒక్క ఫొటోలో దాని జాడే ఉండదు. అందుకే ఐదేసి నిమిషాల ఫొటోలు వందల్లో తీసి ఒకదానిపై ఒకటి పేరుస్తారు. స్పష్టత రెట్టింపు కావాలంటే ఫొటోలు నాలుగింతలు కావాలి.

అంతకన్నా సున్నితమైన పని ఆ తర్వాత ఉంది. ఊరి వెలుగును తీసేయడానికి, ఖాళీ ఆకాశం ఇదీ అంటూ సాఫ్ట్‌వేర్‌కు బొమ్మ మీద చుక్కలు పెట్టి చూపించాలి. వాటిలో కొన్ని తోక మీద పడ్డాయా, సాఫ్ట్‌వేర్ తోకను కూడా వీధిదీపాల వెలుగనుకుని తుడిచేస్తుంది. చుక్కలు మరీ దూరంగా పెడితే మిగిలిపోయిన ఊరి వెలుగే తోకలా భ్రమపెడుతుంది. అందుకే ఆయన వేర్వేరు రాత్రుల ఫొటోలను విడివిడిగా పేర్చి చూస్తాడు; అన్నింటిలోనూ ఒకే చోట కనిపించిందే తోక. మిగతాది ఎంత అందంగా ఉన్నా ఉంచడు. ఈ పట్టుదల లేకపోతే అది ఫొటో కాదు, బొమ్మ గీయడమే.

వచ్చే మార్చి అమావాస్యకు టెలిస్కోపును కారులో వేసుకుని ఫోర్ట్ డేవిస్ వెళ్లాలని ఆయన ఆలోచన. మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ ఉండటంతో అక్కడ వీధిదీపాలకు కూడా కట్టుబాట్లున్నాయి.