జానెడు దారంలో చికాగో!

నిన్న సాయంత్రం నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదండీ!

చల్లపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం, నేనూ మా మేనకోడలూ. వాళ్లన్నయ్య పై చదువుకు చికాగో వెళ్తున్నాడు. "మావయ్యా, హైదరాబాద్‌లో ఎక్కితే విమానం ఎటు పోతుంది?" అంది. ఇంకెటు తల్లీ, పడమరకే అన్నాను. అరేబియా, ఆఫ్రికా, ఆపైన అట్లాంటిక్! గోడ మీది మ్యాపులో నేను చిన్నప్పట్నుంచీ చూసుకున్న దారి అదే.

మేనకోడలు లోపలికెళ్లి బడి గ్లోబూ, పూలు కట్టే దారమూ తెచ్చింది. ఒక కొస హైదరాబాద్ మీద నా వేలి కింద పెట్టింది. రెండో కొస చికాగో మీద పెట్టి బిగించి లాగింది.

దారం జారిందండీ! నేను చెప్పిన ఆఫ్రికా మీంచి సర్రున జారి, పైకి, పైపైకి పోయింది! కజకిస్థాన్ మీదుగా, ఉరల్ కొండల మీదుగా, గ్రీన్‌లాండ్ తెల్లటి మంచు మీదుగా, హడ్సన్ అఖాతం దాటి చికాగోలో దిగింది. ఉత్తర ధ్రువం పక్కనే, బొటనవేలి వెడల్పంత ఎడంలో! ఒళ్లు ఝల్లుమంది.

కొలిస్తే దారం జానెడు. అసలు దూరం సుమారు 13,300 కిలోమీటర్లు!

ఇన్నాళ్లూ నాకు తెలియలేదు, గోడ మీది మ్యాపు ఉత్తరాన్ని సాగదీసి చూపిస్తుందని. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 111 కిలోమీటర్లు. మా దారం ఎక్కిన 79 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 21 మాత్రమే! అక్కడ భూమి చుట్టుకొలత అంత చిక్కిపోతుంది. అందుకే అడ్డదారి అక్కడుంది!

2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, తోటి మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగానే తెచ్చారట! ఆ వార్త అప్పుడు చదివాను కూడా. ఏదో సాహసం అనుకున్నానే తప్ప, అది దగ్గరి దారి అని తట్టనే లేదు.

ఇంకో వింత! దగ్గరి దారి ప్రతిసారీ త్వరగా చేర్చదట. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ దారి మానేసి పసిఫిక్ మీదుగా వెళ్లింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గింది! పైన పడమర నుంచి తూర్పుకు హోరున వీచే గాలి వెనకనుంచి తోసిందట. గోదారి వాలున పడవ వేసినట్టు!

మీరూ చూడండి! గ్లోబు లేకపోతే పిల్లల బంతి చాలు. దారం బిగించి, అది జారుతుంటే వేలికి తగిలే ఆ జలదరింపు చూడండి!

రాత్రి వీధిలోకొచ్చి నిలబడ్డాను. నలభై ఏళ్లుగా అమెరికా అంటే కృష్ణ దాటి పడమరన ఎక్కడో అనుకున్నాను. కాదు! చికాగో మా ఊరికి ఉత్తరాన, పామర్రు రోడ్డు వైపుంది!