ఓడ దిగినవాళ్ల దీవి

పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్ పక్కన ఒక బండి ముందు జనం వరస కట్టారు. నేనూ నిలబడ్డాను. బండాయన రెండు పలచటి పసుపుపచ్చ రొట్టెలు పరిచి, చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చిమిరప కారం రాసి, కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. దోల్ పురీ. జతగానే అమ్ముతారు. కొరికితే లోపల ఉడికించి నూరిన పప్పు. బెల్లం వెయ్యని బొబ్బట్టు తిన్నట్టనిపించింది. బిహారు కూలీలు తెచ్చిన రొట్టె ఇప్పుడు మారిషస్‌లో అందరి ఫలహారం. దానిపైన ఒక గ్లాసు అలూదా తాగాను: చల్లటి పాలు, సబ్జా గింజలు, అగర్ ముక్కలు. ఎండకు అంతకన్నా మంచి మందు లేదు.

ఈ దీవికి మూలవాసులు లేరు. 1598లో డచ్చివాళ్లు దిగేనాటికి ఇక్కడున్నవి అడవి, తాబేళ్లు, డోడో పక్షులు. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఓడ దిగినవాళ్లే. అందుకే ఇక్కడ ఏది తిన్నా, ఏ పాట విన్నా, ఇది ఏ ఓడలో వచ్చిందని అడగబుద్ధేసింది.

మార్కెట్ నుంచి కాస్త నడిస్తే ఆప్రవాసీ ఘాట్. చెరకు తోటల్లో పనికి వచ్చిన కూలీలను 1849 నుంచి దింపుకున్న రేవు. దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు మారిషస్‌కు వచ్చారు. 2006లో దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎక్కడానికి పదహారు రాతి మెట్లు. మాది కాకినాడ. మా పక్కనున్న కోరంగి రేవు పేరుతోనే ఇక్కడ తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

పాంప్లెమూస్ తోటలో పళ్లేల్లాంటి కలువాకులు, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి ఒక్కరోజులో చూసెయ్యొచ్చు. ఎండ ఉన్నప్పుడు వెళితేనే ఆ మట్టి రంగులు విచ్చుకుంటాయి. నైరుతి కొసనున్న లె మోర్న్‌కు మాత్రం ఒక పూట ఉంచుకోండి. 556 మీటర్ల నల్లటి కొండ, కింద పచ్చల రంగు సముద్రం. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఈ కొండ మీద దాక్కున్నారు. 1835లో విడుదల కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకుని లోయలోకి దూకేశారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ విన్నాక ఈతకు దిగలేకపోయాను.

చీకటి పడితే పోర్ట్ లూయిస్ వీధులు సద్దుమణుగుతాయి, బస్సులు పలచబడతాయి. బార్లు, డాన్సు క్లబ్బులు కావాలనుకునేవాళ్లు ఉత్తరాన గ్రాండ్ బేలో బస చేయడం మంచిది. వారాంతపు రాత్రుళ్లు అక్కడ సందడి. నాకు మాత్రం గుర్తుండిపోయింది ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఇసుక మీది రాత్రి. సరుగుడు చెట్ల కింద కుటుంబాలు గిన్నెలతో సహా దిగాయి. ఒకాయన ఎండుటాకులతో మంట వేసి, మేకతోలు బిగించిన పెద్ద వాద్యాన్ని దాని పైన తిప్పాడు. మనవాళ్లు డప్పు కాచినట్టే! ఆ వాద్యం పేరు రవాన్. తోలు బిగిసి ఖణేల్‌మంది. సెగా మొదలైంది. అడుగు నేలను విడవదు, ఒళ్లంతా ఊగుతుంది. బానిసలు పని ముగిసిన రాత్రుళ్లు పాడుకున్న ఆ పాటకు 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక అమ్మాయి చెయ్యి పట్టి లాగితే నేనూ ఆడాను. ఆ లయలో ఏడుపూ ఉంది, పండగా ఉంది.

చివరి రోజు నేను దిగిన ఇంటి పెద్దావిడ అన్నం పెట్టింది. వాళ్ల పూర్వీకులు తెలుగువాళ్లు. ఉగాదికి ఇక్కడ దేశమంతా సెలవని గర్వంగా చెప్పింది. ఆమె మాట్లాడేది క్రియోల్. తెలుగు మాటలు నాలుగైదే మిగిలాయి. అన్నం మీద పలచటి ఆకుకూర పులుసు పోస్తూ ‘బ్రెద్ మురుమ్’ అంది. రుచి చూసి, ‘మునగాకు!’ అన్నాను. ఆమె ఆ మాటను మెల్లగా రెండుసార్లు పలికి, ‘మా అమ్మమ్మ ఇలాగే అనేది బాబూ,’ అని ఇంకో గరిటె పోసింది.