పురిటికి వచ్చే తిమింగలాలు

మెక్సికో దేశంలో, బాహా కాలిఫోర్నియా పడమటి ఒడ్డున, సాన్ ఇగ్నాసియో అనే ఉప్పునీటి సరస్సుంది. మన పులికాట్‌లాగా సముద్రంతో కలిసినదే. ఆర్కిటిక్ సముద్రాలనుంచి 8 వేల కిలోమీటర్లకు పైగా ఈదుకుంటూ, ఏటా చలికాలంలో బూడిదరంగు తిమింగలాలు ఇక్కడికి పురిటికి వస్తాయి.

శాన్ డియాగోలో పిల్లల దగ్గరుంటున్న నలుగురం పెన్షనుదార్లం మొన్న ఫిబ్రవరిలో వాటిని చూడబోయాం. నలుగురి వయస్సూ కలిపితే 290! పడవ పొడవు 22 అడుగులు. తల్లి తిమింగలం 40 అడుగుల పైమాటే. ఈ లెక్క ప్లీడరుగారు తీరా పడవెక్కాక చెప్పారు.

19వ శతాబ్దంలో అమెరికన్ వేటగాళ్ళు ఈ తీరపు సరస్సుల్లో జొరబడి తల్లుల్నీ పిల్లల్నీ చంపారు. తల్లులు ఎదురుతిరిగి పడవలు పగలగొట్టేవి. వాటికి 'దయ్యపు చేప' అని పేరు పెట్టిందీ ఆ వేటగాళ్ళే! 1972లో మయోరల్ అనే స్థానిక జాలరి, పడవ పక్కకు చేరిన తిమింగలాన్ని హడలుతూనే చేత్తో తాకాడు. అప్పట్నుంచీ ఈ చెలిమి.

సరంగు మోటారు తగ్గించి, నీళ్ళు తపతప కొట్టమని సైగ చేశాడు. కాసేపటికి పక్కనే బుస్సుమని చిమ్మింది. కుళ్ళు చేపల కంపు! తల్లి కిందనుంచి పిల్లను మావైపు ఎత్తింది. ఒళ్ళు పెంకు వలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంది. కళ్ళజోడు తడిసిన మాస్టారు, "ఏదండీ, ఏదీ?" అంటూనే దాన్ని నిమురుతున్నారు.

సరంగు మాత్రం దిగులుగా ఉన్నాడు. పిల్లలు తగ్గాయట. అమెరికా శాస్త్రజ్ఞుల అంచనాల్లో 2016లో 27 వేలున్న ఈ తిమింగలాలు 2025లో 13 వేలకు దిగాయి. ఉత్తరాన మేత కరువంటున్నారు. ఆ పూట మేం చూసిన పిల్ల అదొక్కటే. గంటన్నర కాగానే పడవ తిప్పాడు. తల్లీ పిల్లా కొంతదూరం వెంట వచ్చాయి.