అందరూ పాసేనా?

మా అమ్మ 2020 ఫిబ్రవరిలో మూడు నెలలకని తెనాలి నుంచి వచ్చి, విమానాలు ఆగిపోయి మా దగ్గరే ఉండిపోయింది. మెల్‌బోర్న్‌కి పడమటి చివర వెరిబీలో మా ఇల్లు. ఊరికే కూర్చోలేక పెరట్లో మెంతులు, ధనియాలు చల్లింది. మొలకలు రెండంగుళాలు లేచాయో లేదో, ఒకరోజు పొద్దున్నే కంచె అవతల నుంచి ఓ ఎర్ర బంతి వచ్చి మడి మధ్యలో పడింది. పడ్డచోట ఉండకుండా కుడికో గెంతు, ఎడమకో గెంతు వేసి, సగం మొలకల్ని నలిపేసి గోడకి తగిలి ఆగింది.

"ఇదేం బంతిరా, కోడిగుడ్డులా! సరిగ్గా దొర్లనన్నా దొర్లదు, దీంతో ఏం ఆడుకుంటారు?" అంది అమ్మ.

కంచె మీద ఓ తల లేచింది. పక్కింటి కుర్రాడు. నన్ను పేరు పెట్టి పిలిచి, సారీ చెప్పి, బంతి ఇటు విసరమన్నాడు. ఆ పేరు పెట్టి పిలవడం మా అమ్మకి మెంతికూర పోయినదానికన్నా ఎక్కువ బాధ. నాకన్నా పాతికేళ్లు చిన్నవాడు మరి. "ఇక్కడింతేనమ్మా" అంటే ఊరుకుంది గానీ, తనని మాత్రం ఏమని పిలవాలో నా చేత వాడికి చెప్పించింది. ఆ తర్వాత రోజూ బంతి మావైపు పడటం, "సారీ, అమ్మా" అని కంచె మీంచి వినపడటం మామూలైపోయింది. వాడికి ఆవిడ పెట్టిన పేరు పొడుగబ్బాయి.

ఆ కోడిగుడ్డు బంతి ఆటని ఇక్కడ ఫుటీ అంటారు. క్రికెట్ గ్రౌండంత మైదానంలో జట్టుకి 18 మంది. బంతిని తన్నొచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు, పక్కవాడికి ఇవ్వాలంటే మాత్రం పిడికిలితో గుద్ది ఇవ్వాలి. నేను వచ్చిన కొత్తల్లో సోమవారం పొద్దున ఆఫీసులో మాట కలపాలంటే ఏదో ఒక జట్టు పేరు చెప్పుకోవాల్సి వచ్చేది. ఇంటికి దగ్గరని వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనేవాణ్ణి. 2016లో వాళ్లు 62 ఏళ్ల తర్వాత కప్పు కొట్టేసరికి ఆ అబద్ధం నిజమైపోయింది.

పొడుగబ్బాయి మా పడమటి శివార్ల అండర్-18 జట్టులో ఉండేవాడు. విక్టోరియా రాష్ట్రంలో ఇలాంటి ప్రాంతాల జట్లతో పిల్లలకో లీగ్ 1992 నుంచి నడుస్తోంది. పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో ఉన్న 18 క్లబ్బుల మనుషులు శని, ఆదివారాల్లో ఆ మైదానాల చుట్టూ నోటు పుస్తకాలతో తిరుగుతుంటారు. ఏడాది చివర డ్రాఫ్ట్.

ఎంసెట్ కౌన్సెలింగ్ తెలిసినవాళ్లకి డ్రాఫ్ట్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, దాన్ని తలకిందులు చేసుకుంటే చాలు. మన దగ్గర మొదటి ర్యాంకు వాడు నచ్చిన కాలేజీ కోరుకుంటాడు. ఇక్కడ కాలేజీలే పిల్లల్ని కోరుకుంటాయి. అందులోనూ ఆ ఏడు పట్టికలో అట్టడుగున ఉన్న క్లబ్బుదే మొదటి వంతు. డబ్బున్న క్లబ్బులే మంచి ఆటగాళ్లందర్నీ ఎగరేసుకుపోకూడదని 1986లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పేరు పిలిచాక పిల్లాడికి ఇష్టాయిష్టాల్లేవు. పెర్త్ క్లబ్బు పిలిస్తే పద్దెనిమిదేళ్లవాడు నాలుగు గంటల విమానం ఎక్కి వెళ్లిపోవాల్సిందే. మినహాయింపులూ ఉన్నాయి. తండ్రి ఒక క్లబ్బుకి 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే, కొడుకుని తీసుకోవడంలో ఆ క్లబ్బుకే మొదటి హక్కు. వారసులు మన సినిమాల్లోనే అనుకున్నాను.

ఇంత పద్ధతిగా నడిచే వ్యవహారంలో ర్యాంకు మాత్రం లేదు. కటాఫ్ లేదు. ఎన్ని మార్కులొచ్చాయో, ఎన్ని మార్కుల్లో పోయిందో చెప్పేవాడు లేడు. మా రోజుల్లో నలభై వేల ర్యాంకు వచ్చినవాడికి కూడా చేతిలో ఓ కార్డు ఉండేది, తిట్టుకోవడానికి ఓ అంకె ఉండేది. ఇక్కడ పేరు పిలుస్తారు, లేదా పిలవరు.

2020 సంగతి వేరు. కరోనాతో ఏఎఫ్ఎల్ పెద్ద జట్లు చాలావరకు క్వీన్స్‌లాండ్‌కి తరలిపోయి అక్కడ ఆడుకున్నాయి. ఎప్పుడూ మెల్‌బోర్న్‌లో జరిగే ఫైనల్ కూడా అక్టోబరు 24న బ్రిస్బేన్‌లో జరిగింది. విక్టోరియా పిల్లల లీగ్‌ని మాత్రం మొత్తానికి ఎత్తేశారు. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో వాళ్ల ఈడు పిల్లలు ఎంతో కొంత ఆడారు, కళ్లకి కనిపించారు. మా పొడుగబ్బాయి చివరి ఏడాది ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆగస్టులో మెల్‌బోర్న్‌లో రాత్రి 8 దాటితే కర్ఫ్యూ, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటకూడదు, కసరత్తుకని రోజుకి ఒక్క గంట బయటికెళ్లొచ్చు. ఆ గంటా పరుగు తీసేవాడు. మిగతా టైమంతా పెరట్లో గోడకేసి బంతి తన్నేవాడు.

మా వంటింటి కిటికీలోంచి కంచె మీదుగా ఆ గోడ కనిపిస్తుంది. అమ్మ పొద్దున్నే స్నానం చేసి అక్కడ నిలబడి సహస్రనామం చదువుకునేది. చదువుతూనే ఎలా లెక్కపెట్టేదో తెలీదు గానీ, కాఫీ ఇస్తూ, "ఇవాళ నూట డెబ్భై తన్నాడు, ఎడం కాలు ఇంకా సరిగ్గా రావట్లా" అనేది. నేను ల్యాప్‌టాప్ ముందు ఉండి చూడని సంగతి, ఆట తెలియని ఆవిడ చూసింది. తర్వాత తెలిసింది, రిక్రూటర్లు కూడా వాడి ఎడం కాలు గురించే అడిగారట.

వీడియో కాల్స్‌లో ఇంకా చాలా అడిగారట. పొద్దున్నే ఏం తింటావు, మీ అమ్మతో ఎప్పుడు పోట్లాడావు, నిన్ను జట్టులోంచి తీసేస్తే ఏం చేస్తావు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అన్ని అడగరు. వాడికి వచ్చిన చిక్కు ఎత్తు. ఆరడుగులకి అంగుళం తక్కువ. అమ్మకి పొడుగబ్బాయి, రిక్రూటర్లకి పొట్టివాడు. రెండో చిక్కు పుట్టిన నెల. డిసెంబరు 31 లోపు 18 నిండేవాళ్లంతా ఆ ఏటి డ్రాఫ్ట్‌కి వస్తారు. నవంబరులో పుట్టిన మావాడు, జనవరిలో పుట్టి పది నెలలు ముందే కండ పట్టిన వాళ్లతో పోటీపడాలి. మా ఊళ్లో అయితే బడిలో వేసేటప్పుడే హెడ్మాస్టరుగారు పుట్టినరోజు సర్ది ఉండేవారు. నాకు సర్దారు.

అయినా మూడో రౌండు దగ్గర ఎవరో ఒకరు తీసుకుంటారని వాడి మేనేజర్ చెప్పాడు. పద్దెనిమిదేళ్లకి మేనేజరేంటని నోరు తెరవకండి, ఇక్కడ ఉంటారు.

డిసెంబరు 9 సాయంత్రం. ఇళ్లల్లో జనం చేరొచ్చని అప్పటికి సడలించారు. పక్కింటి గరాజ్‌లో గోడకి తెర కట్టారు. ఆ ఏడు డ్రాఫ్ట్ అంతా ఆన్‌లైన్లోనే. వాళ్ల నాన్న లారీ నడుపుతాడు, ఆరోజు సెలవు పెట్టాడు. తాతగారు బుల్‌డాగ్స్ జెర్సీ వేసుకుని కుర్చీ తెరకి దగ్గరగా లాక్కున్నారు. అమ్మ పులిహోర కలిపి పెద్ద గిన్నెతో తీసుకెళ్లింది. శుభమా అని వెళ్తూ ఉత్త చేతులతో వెళ్తామా అంది. సాసేజీల పక్కన పులిహోర పెట్టారు. వాడి స్నేహితులు దాన్ని బ్రెడ్డులో పెట్టుకుని తిన్నారు.

మొదటి పేరే బుల్‌డాగ్స్‌ది. జమారా యూగల్-హేగన్, మా రాష్ట్రం కుర్రాడే. తాతగారు లేచి నిలబడి అరిచారు. పొడుగబ్బాయి కూడా చప్పట్లు కొట్టాడు. వాడి ఫోను బీరు సీసాలున్న ఐస్ పెట్టె మూత మీద, అద్దం పైకి పెట్టి ఉంది. మొదటి రౌండు అయింది. రెండోది అయింది. మూడో రౌండులో ఫోను మోగింది. గరాజ్‌లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. బెండిగోలో ఉన్న వాళ్ల మేనత్త, ఏమైందో కనుక్కుందామని చేసింది.

ఆ ఏడు ఖర్చులు తగ్గించుకోవాలని క్లబ్బుల జాబితాలు కూడా కుదించారు. మొత్తం తీసుకుంది 60 మందికి లోపే. చివరికొచ్చేసరికి ఒక్కొక్క క్లబ్బూ "పాస్" అనడం మొదలుపెట్టింది. పాస్. పాస్. పాస్.

"అందరూ పాసేనా?" అంది అమ్మ నా చెవిలో. "మరి పిల్లాడి మొహం అట్లా ఉందేంట్రా?"

పాస్ అంటే ఇక్కడ మాకు ఇంకెవరూ అక్కర్లేదని చెప్పడం అని గుసగుసగా చెప్పాను. అమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పాసంటే ఫెయిలా?" అంది. తెర మీద కార్యక్రమం నడిపే ఆవిడ నవ్వుతూ ముగించింది. ఎవరో తెర ఆపేశారు. మావాడు లేచి, ఏం చేయాలో తెలియక కాబోలు, అందరి చేతుల్లోంచి కాగితం ప్లేట్లు తీసుకుని చెత్త సంచిలో వేయడం మొదలుపెట్టాడు. అమ్మ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఆవిడ ప్లేటు ఇవ్వకుండా ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. అలాగే కాసేపు నిలబడ్డారు.

ఆస్ట్రేలియావాళ్లు ఓటమిని తేలిగ్గా తీసుకుంటారని మనవాళ్లు అంటుంటారు, నేనూ అనేవాణ్ణి. ఆ రాత్రి పన్నెండింటికి నీళ్లు తాగుదామని లేస్తే, వీధిలో ఆపిన లారీ క్యాబిన్‌లో వాళ్ల నాన్న స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మర్నాడు రూకీ డ్రాఫ్ట్, అంటే మిగిలినవాళ్లలోంచి తక్కువ జీతానికి ఎంచుకునేది. దాంట్లోనూ ఫోను మోగలేదు.

ఇక ఓదార్పులు మొదలయ్యాయి. ఓదార్చేవాళ్లందరి నోటా మార్లియన్ పికెట్ కథే. మన హైదరాబాద్ జిందా తిలిస్మాత్‌లాగా ఇక్కడ దెబ్బ ఏదైనా అదే మందు. కథ నిజమైనదే, అబద్ధమేం లేదు. 2019లో సీజన్ మధ్యలో డ్రాఫ్ట్ మళ్లీ ప్రవేశపెట్టినప్పుడు 27 ఏళ్ల పికెట్‌ని, నలుగురు పిల్లల తండ్రిని, రిచ్‌మండ్ తీసుకుంది. అతని మొట్టమొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే ఆ ఏటి ఫైనల్. ఎంసీజీలో లక్ష మంది ముందు గోల్ కొట్టి, కప్పు ఎత్తాడు. మాట్ ప్రిడిస్‌ని కూడా పెద్ద డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. రూకీగా చేరి 2014లో ఆటలో అన్నిటికన్నా పెద్ద వ్యక్తిగత బహుమతి బ్రౌన్‌లో మెడల్ తీసుకున్నాడు. మా వెరిబీకే ఒక కథ ఉంది. మైకేల్ బార్లో షెపర్టన్ నుంచి వచ్చి ఇక్కడి రాష్ట్ర లీగ్ (వీఎఫ్ఎల్) జట్టుకి ఆడుతుంటే, ఇరవై రెండో ఏట ఫ్రీమాంటిల్ రూకీగా తీసుకుంది. 2010లో లీగ్ మొత్తం అతని గురించే మాట్లాడుతుండగా కాలు విరిగింది. కోలుకుని చాలా ఏళ్లు ఆడాడు. తర్వాత వెరిబీకే కోచ్‌గా వచ్చి, 2024లో 31 ఏళ్ల తర్వాత ఊరికి వీఎఫ్ఎల్ కప్పు తెచ్చాడు.

వినడానికి బాగుంటాయి. నాకు మాత్రం ఈ కథల మీద కోపం. ఒక్క పికెట్ వెనకాల ప్లేట్లు ఏరిన పిల్లలు ఎందరో ఎవరూ చెప్పరు. పైగా ఆ కథ చెప్పిన ప్రతిసారీ, ఇంకా ఎదురుచూడు అని చెప్పినట్టే. మానేసే హక్కు కూడా కుర్రాడికి లేకుండా పోతుంది. 2021లో పిల్లల లీగ్ మళ్లీ మొదలైంది, మధ్యలో లాక్‌డౌన్ మళ్లీ వచ్చింది. జూన్‌లో సీజన్ మధ్య డ్రాఫ్ట్‌కి మావాడు పేరిచ్చాడు. ఆ డ్రాఫ్ట్‌లో హాథోర్న్ రెండో పేరుగా పిలిచింది గిప్స్‌లాండ్ పాడిపశువుల ఊరు పూవాంగ్ నుంచి వచ్చిన జై న్యూకంబ్‌ని. అతన్నీ అంతకుముందు ఎవరూ తీసుకోలేదు. మొదటి మ్యాచ్‌లో 14 టాకిల్స్ చేశాడు. ఆ మ్యాచ్ చూసినరోజు పొడుగబ్బాయి చాలా సంతోషంగా ఉన్నాడు, అదే నాకు భరించడం కష్టమైంది. ఆ మరుసటేడు కూడా పేరిచ్చాడు. ఆ తర్వాత ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదని నేను అడగలేదు. అడిగే అర్హత లేదు. ఆ రోజుల్లోనే మా అమ్మాయికి ప్రవేశ పరీక్ష పెట్టే ఒక ప్రభుత్వ బడిలో సీటు రాలేదు. రెండేళ్లు కోచింగ్‌కి తిప్పాను. ఫలితం వచ్చినరోజు ఎన్నింట్లో పోయిందో చూపించమని దాని చుట్టూ తిరిగాను, మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు అది కంచె మీంచి పక్కింటివాడితో మాట్లాడుతుంటే వినపడింది. "మీ నాన్న ఏమన్నాడు?" అని అడుగుతోంది. వాడి జవాబు వినకుండా లోపలికి వచ్చేశాను.

వాడు ఎలక్ట్రీషియన్ దగ్గర చేరి నాలుగేళ్లు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు లైసెన్సు ఉంది, పేరు రాసిన వ్యాను ఉంది. మంగళ, గురువారాలు సాయంత్రం ప్రాక్టీసు, శనివారం ఊరి క్లబ్బుకి ఆట. గోల్ పడితే చుట్టూ కార్లు హారన్లు కొడతాయి, ఓ యాభై కార్లు.

పోయిన నెల హాల్లో ఫ్యాను ఆగిపోతే వాడే వచ్చాడు. నిచ్చెన మీద ఉండగా తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. ఫోను పైకి తిప్పాను.

"పొడుగబ్బాయేనా? గడ్డం పెంచాడేంటి?" అంది. కాసేపు చూసి, "అడగరా, ఎవరన్నా తీసుకున్నారా?" అంది.

వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి వంగి చూస్తున్నాడు. ఏమంటోంది అని కళ్లతో అడిగాడు.

మెంతికూర సంగతి అడుగుతోంది అన్నాను.

"సారీ, అమ్మా" అన్నాడు ఫోన్లోకి.