ఎవరూ కాచని నీళ్ళు

స్నానం చేయడానికని పెట్టె సర్దుకుని ఊరెళ్ళే మనుషులున్నారు, తెలుసా? ఇంట్లో నీళ్ళు లేక కాదండీ! జపానులో కొండపల్లెల్లో వేడినీటి ఊటల పక్కన సత్రాలుంటాయి. యమనాషిలో ఒకటి క్రీస్తుశకం 705లో మొదలైందంటారు. చెప్పులు గుమ్మంలో విడిచి, వాళ్ళిచ్చిన నూలు అంగీ తొడుక్కుని, ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా తోముకుని, అప్పుడు తొట్టిలో దిగాలి. సబ్బూ తువ్వాలూ ఆ నీళ్ళకి తగలకూడదు. నలుగురూ దిగే నీళ్ళు కదా! ఆ మడి నాకు నచ్చింది. బయటికొచ్చేసరికి భోజనం, పరుపు సిద్ధం.

1968లో నోబెల్ బహుమతి అందుకున్న కవాబాతా రాసిన ‘మంచుదేశం’ నవల అలాంటి ఊళ్ళోనే నడుస్తుంది. కథానాయకుడు భార్యాబిడ్డల్ని టోక్యోలో వదిలేసి అక్కడ చేరతాడు. ఆ ఇల్లాలు ఇంట్లో ఏం చేస్తూంటుందో ఆయన పట్టించుకోలేదు. నేనైతే ఓ అధ్యాయం రాసేదాన్ని.

మా శ్రీరాంపూర్‌లో వేడినీళ్ళు విలాసం కాదు, డ్యూటీ. మామగారు, మా ఆయన, మరిది – ముగ్గురూ ఆర్కే గనుల్లోనే. ఒకరు మొదటి షిఫ్టు, ఒకరు రెండో షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు. బొగ్గుమసి చన్నీళ్ళకి వదలదాయె! క్వార్టర్ వెనక అత్తగారి బొగ్గుపొయ్యి ఆరగా నేను చూడలేదు. అందరివీ అయ్యాక, కాగు అడుగున మిగిలినవాటికి చన్నీళ్ళు కలుపుకుని ఆవిడ నాలుగు చెంబులు పోసుకునేది. గీజరు వచ్చాక మాత్రం ఏం? తన స్నానానికి స్విచ్చి వేయదు. కరెంటు కాలుతుందట!

మొన్న చలికాలం అందరం ఉనకేశ్వర్ వెళ్ళాం. జన్నారం అడవి, ఉట్నూరు దాటి ఆదిలాబాద్. అక్కణ్ణించి మహారాష్ట్రలో కిన్వట్ తాలూకా. పెన్‌గంగ ఒడ్డున శివాలయం, గంధకం వాసన వేసే వేడినీటి గుండం. చర్మరోగాలు పోతాయని మనవైపు నుంచీ జనం వస్తారు. పోతాయో లేదో డాక్టర్లు చెప్పాలి. ఒళ్ళునొప్పులకి మాత్రం నేనే సాక్ష్యం. జపానువాళ్ళ మర్యాదలేమీ లేవు, మన చీర మనమే పిండుకోవాలి.

అత్తగారు గట్టున కూర్చుని వేళ్ళు ముంచి చూసింది.

“ఎవలు కాగబెట్టిండ్రే గీ నీళ్ళు?”

“ఎవరూ కాచలేదత్తమ్మా, భూమే కాచింది.”

వాననీళ్ళు రాతిపగుళ్ళలోంచి లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి మళ్ళీ పైకి వస్తాయి. కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. జపానులోలా అగ్నిపర్వతాలు ఉండక్కర్లేదు. “గనిల దిగినకొద్ది ఉడుకైతది సూడు, గదే ఇది,” అన్నారు మామగారు. ఆయన్ని ఇన్నేళ్ళూ చెమటలు పట్టించిన వేడే ఇక్కడ నీళ్ళు కాస్తోందన్నమాట! మణుగూరు దగ్గర బొగ్గు కోసం వేసిన బోర్లలోంచి వేడినీళ్ళు పొంగితే, సింగరేణివాళ్ళు వాటితో 20 కిలోవాట్ల కరెంటు ప్లాంటు కూడా పెట్టారు.

అత్తగారికి ఈ శాస్త్రమేమీ పట్టలేదు.

“గట్లనా? అయితే ఆ భూమాత తానం ఎప్పుడు జేస్తదట?” అంటూ కొంగు బిగించి దిగింది. మెడదాకా మునిగి కళ్ళు మూసుకుంది. పక్కవాళ్ళు ఇద్దరు ముగ్గురు దిగి వెళ్ళిపోయారు. ఈవిడ కదల్లేదు.

“ఇగ రావే, నేను జెయ్యాలె తానం,” అన్నారు మామగారు గట్టు మీంచి.

“నీళ్ళు ఒడుస్తయా ఏంది? జర ఆగరాదు,” అంది, కళ్ళు తెరవకుండానే.

మామగారు తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీద కూర్చున్నారు.