లారీ బొమ్మ

కోసిగిలో ఎవరినైనా "మీవాళ్లు యాడికి పోయినారు?" అని అడిగితే వలస అనే మాట రాదు. "సుగ్గికి పోయినారు" అంటారు. వలస అనేది పేపర్లోళ్ల మాట. దీపావళి దాటినాక గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలకు జనాన్ని ఎక్కించుకొని లారీలు పోతాయి. బడిలో మేము హాజరుపట్టీ ముందేసుకొని సగం పేర్లకు సున్నాలు చుడుతుంటాము. మా సుగాలి తండా కూడా అట్లే ఖాళీ అవుతుంది. చిన్నప్పుడు మేమూ ఆ మూటల మీద కూర్చొని పోయినవాళ్లమే.

ఈసారి లారీలు రాకముందే ఐదో తరగతి పిల్లలకు కృష్ణారెడ్డి గురించి చెప్పినాము. మన సీమవాడే. 1925లో చిత్తూరు దగ్గరి నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, లండన్, ప్యారిస్ పోయి, చివరికి న్యూయార్కులో స్థిరపడి, 2018లో అక్కడే పోయినాడు. దీన్ని మిరపకోతతో పోల్చగూడదు, ఆ మాట మాకూ తెలుసు. ఆయన పోయింది నేర్చుకోవడానికి, మావాళ్లు పోయేది అప్పు తీర్చడానికి. అయినా ఆయన మీద మాకు మక్కువ ఎందుకంటే, ప్యారిస్ పోకముందు మద్రాసు కళాక్షేత్రలో పనిచేస్తూ, మాంటిస్సోరి టీచర్ల శిక్షణలో బొమ్మలు నేర్పినాడు. మా టీటీసీలో బొమ్మల పీరియడంటే చార్టులూ మార్కులే.

ఆయన పని శిల్పి పని, అచ్చు పని కలిసింది. లోహపు రేకును మెట్టపల్లాలుగా చెక్కుతాడు, ఆసిడ్‌తో తినిపిస్తాడు. మామూలుగా రంగు రంగుకూ వేరే రేకు కావాలి. ప్యారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 లో, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీతో కలిసి ఆయన ఒకే రేకు మీద అన్ని రంగులూ నిలబెట్టినాడు. కిటుకు నూనెలో ఉంది. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. పలచటి రంగు మీద చిక్కటిది దొర్లిస్తే అంటుకోదు. గట్టి రోలరు మెట్టను తాకుతుంది, మెత్తటిది పల్లంలోకి దిగుతుంది. ఒక్కసారి ప్రెస్సులో పెడితే రంగులన్నీ కలిసి దిగుతాయి.

ఇది చెప్తుంటే మా అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. కాంచళి మీద అద్దం, గవ్వ, దారం ఎక్కడ ఎత్తు, ఎక్కడ లోతు అని కళ్లు మూసుకొని తడిమి చెప్పేది. టీటీసీలో చేతిపని వస్తువు తెమ్మన్నప్పుడు అమ్మ కుట్టిన అద్దాల సంచి పెట్టెలో దాచి, బజారులో కాగితం పూలు కొని ఇచ్చినాము. సుగాలోళ్లని ఎవరైనా నవ్వుతారని. పదికి ఎనిమిది మార్కులు వచ్చినాయి. అమ్మకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

మాకు ప్రెస్సు యాడిది? పెండ్లి భోజనాల్లో మిగిలిన థర్మోకోల్ ప్లేట్లు తెచ్చి, ఖాళీ రీఫిల్‌తో ఒత్తి గీయమన్నాము. ఒకే రంగు. దొర్లించడానికి గుడ్డ చుట్టిన కర్ర. నలుపు నడుమ తెల్లగీతలతో తమ ఎద్దులు, బోరింగు కాగితం మీద కనబడేసరికి పిల్లలు గోల గోల చేసినారు. ఒక్క పాప మాత్రం గుడిసె, దాని నుంచి పోతున్న లారీ గీసి పెట్టి, అచ్చు వేసే రోజుకు లేదు. ఆ ముందు రాత్రే లారీ ఎక్కింది. దాని ప్లేటు బీరువాలో పెట్టినాము.

ఉగాది దాటినాక వచ్చింది. వేళ్లు ఇంకా మంటగా ఉన్నాయంది. రంగు పూసి తనే అరచేత్తో కాగితాన్ని ఒత్తింది. తీసి చూస్తే లారీ మొగం ఎడమ నుంచి కుడికి మారింది.

"సార్, లారీ ఎనక్కు తిరుక్కొని ఊరికొస్తా ఉంది!" అని పక్కనున్న పిల్లోడు అరిసినాడు.

పాప కాసేపు చూసి, "గుడిసె గూడా తిరిగింది గదరా," అనింది.